పాత జోడు గొట్టాల తుపాకీ: కోయించాలా, వంపించాలా, అలాగే వదిలేయాలా?

పొదలపిట్ట
పన్నెండు గేజ్ (గేజ్ అంటే గొట్టం వెడల్పు లెక్క, అంకె పెరిగితే గొట్టం సన్నం) జోడు గొట్టాల తుపాకీ ఒకటి చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి అమెరికన్ బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం పెట్టెలాంటి ఇనుప చట్రంలో ఉండే రకం). 28 అంగుళాల గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. కుడి గొట్టం మాడిఫైడ్ చోక్ (మూతి దగ్గర కొంత ఇరుకు), ఎడమది ఫుల్ (ఇంకా ఇరుకు) అని అమ్మినాయన చెప్పాడు. నేను తిరిగేది దట్టమైన అడవిలో, గ్రౌస్ కోసం, వుడ్‌కాక్ కోసం. పిట్ట పదిహేను గజాల్లో లేస్తుంది, ముప్ఫై దాటేలోపు చెట్ల వెనక్కి పోతుంది. ఎక్కువసార్లు తగలదు. తగిలిందా, వండుకోవడానికి ఏమీ మిగలదు.

భుజానికి ఎత్తి చెంప ఆనిస్తే నాకు కనపడేది గొట్టాల మధ్య పట్టీ (రిబ్) కాదు, బ్రీచ్ (తూటా పెట్టే కొస) వెనుక భాగం. తల పైకెత్తితేనే కొసన ఉన్న పూస కనపడుతుంది. ఎత్తేటప్పుడు తుపాకీ మడమ (భుజానికి ఆనే కర్ర, అంటే స్టాక్, వెనుక కొస) చంకలో తట్టుకుంటోంది కూడా.

నా ఆలోచన ఇది: గొట్టాలు 26 అంగుళాలకు కోయించడం, స్టాక్ అర అంగుళం కోయించడం, రెండు ట్రిగ్గర్లు తీసేసి ఒకటే పెట్టించడం, రంగు వెలిసిపోయింది కాబట్టి కొత్తగా బ్లూయింగ్ (ఇనుముకు నల్లటి పూత). ఏది ముందు చేయించమంటారు?

సెట్టర్ సుబ్బయ్య
ముందు ఆ రంపాన్ని ఎవరికైనా దానం చేయండి.

వాల్‌నట్ వడ్రంగి
సుబ్బయ్య గారు నవ్వులాటకు అన్నా నా మాట కూడా అదే. మీ తుపాకీకి ఉన్న జబ్బు గొట్టాల పొడవులో లేదు, స్టాక్ డ్రాప్‌లో ఉంది. రిబ్ గీతను వెనక్కి పొడిగించి చూస్తే, స్టాక్ పై అంచు దానికి ఎంత దిగువన ఉందో అదే డ్రాప్. ఆ కాలపు అమెరికన్ తుపాకుల్లో మడమ దగ్గర మూడు అంగుళాల డ్రాప్ సర్వసాధారణం. ఇప్పుడు మనలో చాలామందికి చెంప వైపు ఒకటిన్నర, మడమ దగ్గర రెండుంబావు నుంచి రెండున్నర సరిపోతుంది. అప్పటివాళ్ళు తల నిటారుగా పెట్టి కాల్చేవారు, మనం చెంప ఆనించి కాలుస్తాం.

షాట్‌గన్‌కు వెనుక సైట్ ఉండదు, ఆ పని చేసేది మీ కన్ను. కన్ను కిందికి దిగితే గుళ్ళు కిందికి, తల ఎత్తితే పైకి. ఒక పిట్టకు తల వంచి, ఇంకో పిట్టకు తల ఎత్తి కాలుస్తూ ఉంటే ఏ చోక్ అయినా ఏం చేస్తుంది?

పొడవు వేరే సంగతి. ముందు ట్రిగ్గర్ నుంచి మడమ మధ్య వరకు కొలవాలి. కొలిచారా? వేట కోటు వేసుకుని ఎత్తి చూశారా?

పొదలపిట్ట
పొడవు 14 అంగుళాలు. తుపాకీని బల్ల మీద బోర్లించి మడమ దగ్గర డ్రాప్ కొలిచాను, 3 కన్నా కాస్త ఎక్కువే వచ్చింది. వేట కోటు మందం. ఎవరో ఎప్పుడో బిగించిన రబ్బరు ప్యాడ్ కూడా ఉంది.

పదహారు గేజ్
దొంగ దొరికాడు. చంకలో తట్టుకోవడానికి ఆ రబ్బరే కారణం. కోటు గుడ్డను పట్టుకుంటుంది. ప్యాడ్ పై అంచు గుండ్రంగా రాపించి తోలు తొడిగించండి, లేదంటే ప్రస్తుతానికి నున్నటి టేపు చుట్టండి. 14 అంగుళాల స్టాక్‌ను కోసి 13న్నర చేస్తే మీ బొటనవేలు వచ్చి ముక్కుకు తగులుతుంది. కోసిన కర్ర మళ్ళీ అతకదు. నా పదహారు గేజ్‌ను నాకన్నా ముందు వాడినాయన ఇలాగే కోసేశాడు, దానికి ఇప్పుడు వేరే కర్ర ముక్క అతికించి ఉంది, ఎవరు చూసినా ముందు అదే అడుగుతారు.

ఇంకొకటి. ఎత్తేటప్పుడు మడమను చంక దగ్గరికి లాగకండి. ముందు చేత్తో గొట్టాలను పిట్ట వైపు తోయండి, స్టాక్ చెంపకు వచ్చాక భుజం ముందుకు వచ్చి దాన్ని అందుకోవాలి.

చోక్ చంద్రం
"మాడిఫైడ్, ఫుల్ అని అమ్మినాయన చెప్పాడు." ఈ వాక్యం చదివి ఆగిపోయాను. అమ్మినాయన మాట కాదు, బోర్ గేజ్ మాట వినండి. పన్నెండు గేజ్ గొట్టం లోపలి కొలత పుస్తకంలో 0.729 అంగుళం. పాత తుపాకుల్లో అది అటూ ఇటూ ఉంటుంది. చోక్ అంటే మూతి కొలత కాదు, గొట్టం లోపలి కొలతకూ మూతికీ ఉన్న తేడా. సుమారు 0.010 తేడా ఉంటే ఇంప్రూవ్డ్ సిలిండర్, 0.020 మాడిఫైడ్, 0.035 నుంచి 0.040 ఫుల్. రెండు చోట్లా కొలవకుండా పేరు పెట్టడం కుదరదు.

ఇప్పుడు మీ అడవికి వద్దాం. ఇరవై గజాల దగ్గర ఫుల్ చోక్ గుళ్ళు సుమారు 16 అంగుళాల వెడల్పున పడతాయి. అసలు చోక్ లేని సిలిండర్ గొట్టంలో సుమారు 32. వెడల్పు రెట్టింపు అంటే వైశాల్యం నాలుగు రెట్లు. పదిహేను గజాల్లో లేచే పిట్టను మీరు ఫుల్ చోక్‌తో కొడుతున్నారు. తగిలితే తునకలు, తగలకపోతే గాలి.

కాబట్టి చోక్ తెరిపించడంలో అర్థముంది, గొట్టం కోయించడంలో లేదు. చోక్ ఉండేది చివరి రెండు మూడు అంగుళాల్లో. రెండు అంగుళాలు కోస్తే రెండు గొట్టాలూ దాదాపు సిలిండర్ అయిపోతాయి, మూతుల మధ్య సందు తేలుతుంది, రిబ్ కొస మళ్ళీ టంకం వేయాలి. పైగా రెండు గొట్టాలు ఒకే చోట కొట్టేలా తయారీదారు వాటిని లోపలికి వంపుగా జోడిస్తాడు. ఆ పొంతన కదిలితే తిరిగి తెప్పించేవాడు దొరకడం కష్టం.

సెట్టర్ సుబ్బయ్య
చంద్రం గారూ, తెరిపించే ముందు స్ప్రెడర్ తూటాలు వాడి చూడమనండి. గుళ్ళ మధ్యలో అడ్డు పెట్టి త్వరగా విచ్చుకునేలా చేసిన తూటాలు. కుడి గొట్టంలో అది, ఎడమలో మామూలుది. తుపాకీ మీద గీత కూడా పడదు.

చోక్ చంద్రం
ఒప్పుకుంటాను. కానీ జీవితాంతం ప్రత్యేక తూటాలు వెతుక్కుంటూ తిరిగే ఓపిక నాకు లేదు. కుడి గొట్టం 0.005కి, ఎడమది 0.015కి తెరిపిస్తే ఈ అడవికి అంతకు మించి అక్కరలేదు. స్క్రూ చోక్‌లు పెట్టించాలని మాత్రం ఎవరూ చెప్పకండి. పాత జోడు గొట్టాల మూతి దగ్గర గోడ పలచన, లోపల మర తొలిచే చోటు చాలాసార్లు ఉండదు.

రెండు మీటలు
ట్రిగ్గర్ల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. తీయించకండి! ముందు మీట కుడి గొట్టానికి, వెనుక మీట ఎడమ గొట్టానికి. పిట్ట కాళ్ళ దగ్గర లేస్తే ముందుది, దూరంగా లేస్తే నేరుగా వెనుకది. ఆలోచన అక్కరలేదు, వేలు జరిగితే చాలు. ఏ గొట్టం ముందు పేలాలో ఎంచే సెలెక్టర్ బటన్ ఉన్న ఒంటి ట్రిగ్గర్‌లో, లేచిన పిట్టను చూస్తూ బటన్ జరిపినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

పైగా ఒంటి ట్రిగ్గర్ చెప్పినంత సులువు కాదు. మొదటి గుండు దెబ్బకు తుపాకీ వెనక్కి కొట్టినప్పుడు మన వేలు మనకు తెలియకుండానే మళ్ళీ ఒకసారి లాగుతుంది. ఆ లాగుడుకు రెండో గొట్టం పేలకుండా చేయడానికి లండన్ బాస్ కంపెనీ 1894లో మూడు లాగుళ్ళ పద్ధతికి పేటెంట్ తీసుకుంది. అంత తలనొప్పి ఉన్న యంత్రాన్ని మీ పాత బాక్స్‌లాక్‌లో ఇరికిస్తారా?

చేతితొడుగు
రెండు మీటలు గారి ప్రసంగం బాగుంది. మంచులో మందపాటి చేతితొడుగులు వేసుకుని ముందు మీట వెనక్కి వేలు జరపమనండి చూద్దాం. నాకు ఒంటి ట్రిగ్గరే. చాలా ఏళ్ళుగా ఒక్కసారి కూడా రెండూ కలిసి పేలలేదు.

రెండు మీటలు
మీది మొదటి నుంచీ ఒంటి ట్రిగ్గర్‌తో తయారైన తుపాకీ. ఈయన పాతదాన్ని మార్పిస్తానంటున్నారు. రెండూ ఒకటి కాదు. ఇక చలి గురించి, చూపుడు వేలు దగ్గర పలచటి తోలు ఉన్న తొడుగు కొనుక్కోండి.

పొదలపిట్ట
ట్రిగ్గర్లు నాకు ఇబ్బంది పెడుతున్న అసలు కారణం చెప్పలేదు. వెనుకది లాగినప్పుడు ముందు ట్రిగ్గర్ వెనుక అంచు నా వేలికి తగిలి కమిలిపోతోంది.

రెండు మీటలు
దానికి ఎప్పుడో మందు కనిపెట్టారు. ముందు ట్రిగ్గర్‌ను మడతబందుతో చేస్తారు, వేలు తగిలితే ముందుకు వాలుతుంది. చాలా స్పానిష్ తుపాకుల్లో, ఇంగ్లీషు తుపాకుల్లో అలాగే ఉంటుంది. మంచి పనివాడు మీదానికీ చేసి పెట్టగలడు. మీ స్టాక్‌కు పిడి వంపు ఉందా, తిన్నగా ఉందా?

పొదలపిట్ట
వంపు ఉంది, సగం వంపు.

రెండు మీటలు
తిన్నటి పిడి అయితే చేయి వెనక్కి జారి వెనుక ట్రిగ్గర్ తేలిగ్గా అందుతుంది. సగం వంపుతోనూ నడుస్తుంది. దాన్ని చెక్కించి తిన్నగా చేయించాలని మళ్ళీ ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

పాత ఇనుము
అందరూ కర్ర గురించి, మీటల గురించి మాట్లాడుతున్నారు. ఈ తుపాకీ పేల్చడానికి సురక్షితమేనా అని ఎవరూ అడగలేదు. పొదలపిట్ట గారూ, కింది పనులు చేసేదాకా దానిలో తూటా పెట్టకండి.

ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు కొలిపించండి. పాత తుపాకుల్లో 65 మి.మీ. ఛాంబర్లు దొరుకుతాయి, అమెరికన్ పదహారు గేజ్‌ల్లో 2 9/16 అంగుళాలవీ ఉన్నాయి. ఇప్పటి 70 మి.మీ. తూటా వాటిలో హాయిగా దూరుతుంది, అదే ప్రమాదం. తూటా పొడవు పేలిన తరువాత లెక్క. మడత విచ్చుకునే చోటు లేక అది గొట్టం ఇరుకులోకి విచ్చుకుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. బ్రిటిష్, ఐరోపా తుపాకుల మీద చట్టప్రకారం వేసిన ప్రూఫ్ ముద్రలు (గొట్టం ఒత్తిడికి ఆగుతుందని పరీక్షించిన గుర్తులు) ఉంటాయి. చాలా వాటిలో ఛాంబర్ పొడవు కూడా కొట్టి ఉంటుంది. అమెరికాలో అలాంటి చట్టబద్ధ ప్రూఫ్ హౌస్ లేదు కాబట్టి కొలవాల్సిందే.

తరువాత గొట్టాల కింద ఉండే ముందు కర్ర తీసేసి, గొట్టాలను తుపాకీకి బిగించి, అటూ ఇటూ ఊపండి. బ్రీచ్ దగ్గర కదలిక కానీ వెలుతురు కానీ కనపడితే బందు అరిగిందని అర్థం. గొట్టాలను విడిగా వేలాడదీసి వేలి గోరుతో తట్టండి. గంటలా మోగాలి. జివ్వుమని గరగరలాడితే రిబ్ టంకం ఎక్కడో వదిలింది. గోడ మందం కొలిపించండి, ముఖ్యంగా ఛాంబర్ దాటాక, బ్రీచ్ నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర, చేయి పట్టే చోట.

చేతితొడుగు
ఇదంతా చదివాక నాకే భయం వేసి నా తుపాకీని తట్టి చూశాను. మోగింది.

పాత ఇనుము
మంచిది. ఎవరి తుపాకీ మోగకపోయినా ఇక్కడ చెప్పండి.

తేలిక తూటా
ఉక్కు గుళ్ళ మాట కూడా చెప్పాలి. అమెరికాలో నీటి పక్షుల వేటకు 1991 నుంచి దేశమంతా సీసం నిషేధం. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకూ సీసం వాడకూడదు. చాలా చోట్ల నిబంధనలు ఇటే పోతున్నాయి. ఉక్కు గట్టిది, నలగదు. పాత గొట్టంలో, అదీ ఫుల్ చోక్‌లో ఉక్కు పోతే చోక్ దగ్గర గొట్టం చుట్టూ ఉబ్బు తేలవచ్చు. సీసం వద్దన్న చోట బిస్మత్ వాడండి. సాంద్రత 9.6 దాకా ఉంటుంది, సీసానిది 11.3, ఉక్కుది 7.8. మెత్తన కాబట్టి పాత గొట్టానికి హాని లేదు.

బరువు ఎంత అసలు?

పొదలపిట్ట
ఏడు పౌండ్ల పైచిలుకు.

తేలిక తూటా
గ్రీనర్ అనే ఇంగ్లీషు తుపాకుల తయారీదారు చెప్పిన పాత లెక్క ఒకటుంది: గుళ్ళ బరువుకు 96 రెట్లు తుపాకీ బరువు ఉండాలి. ఒక ఔన్సు గుళ్ళకు ఆరు పౌండ్లు. మీ తుపాకీలో ఔన్సు తూటా వేస్తే భుజానికి తట్టినట్టే ఉండదు, వుడ్‌కాక్‌కు ఔన్సు కూడా ఎక్కువే. ఔన్సుంబావు తూటాలు ఫెజెంట్ వేటవాళ్ళకు వదిలేయండి.

పదహారు గేజ్
ఆరు పౌండ్ల తుపాకీ కావాలనుకునేవాళ్ళు పదహారు గేజ్ కొనుక్కోవాలి. ఈ మాట నేను చెప్పకుండా ఈ చర్చ ముగిస్తే నాకు నిద్ర పట్టదు.

సెట్టర్ సుబ్బయ్య
మీరు నిద్రలో కూడా అదే మాట చెబుతారు.

కొత్త వేటగాడు
పన్నెండు గేజ్ గొట్టంలో పెట్టుకునే ఇరవై గేజ్ గొట్టాలు దొరుకుతాయట కదా? అవి వేసుకుంటే చోక్ గొడవ తీరుతుందా?

పాత ఇనుము
తమ్ముడూ, అవి దొరుకుతాయి. ఎక్కువగా క్లే టార్గెట్ల పోటీవాళ్ళు వాడతారు. బరువు పెరుగుతుంది, అడవిలో మోయలేవు. అంతకన్నా ముఖ్యం: పన్నెండు గేజ్ తుపాకీతో తిరిగే వాడి జేబులో ఇరవై గేజ్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. పొరపాటున ఇరవై గేజ్ తూటా పెడితే అది గొట్టంలోకి జారి ఛాంబర్ దాటి ఇరుక్కుంటుంది. పైకి ఖాళీగానే కనపడుతుంది. దాని వెనక పన్నెండు పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. ఇరవై గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే.

తుప్పు శత్రువు
బ్లూయింగ్ మిగిలిపోయింది. ఇప్పుడు ఎక్కువమంది చేసేది వేడి ఉప్పు ద్రావణంలో ముంచే పద్ధతి. రైఫిల్‌కు అది బాగుంటుంది. మీ తుపాకీని అందులో ముంచనివ్వకండి. జోడు గొట్టాల రిబ్బులు మెత్తటి టంకంతో అతికించి ఉంటాయి. ఆ ద్రావణం టంకాన్ని తినేస్తుంది, లోపల చేరిన ఉప్పు ఎప్పటికో తుప్పై బయటకు వస్తుంది. పాత జోడు గొట్టాలకు రస్ట్ బ్లూయింగ్ ఒక్కటే దారి: తుప్పు పట్టించడం, ఉడికించడం, గీకడం, మళ్ళీ మొదలు. నిదానం, కానీ ఆ నలుపు అందం వేరు.

ఎవరో తెలియని పనివాడు "రెండు రోజుల్లో ఇచ్చేస్తాను" అంటే గొట్టాలు తీసుకుని బయటపడండి.

నా అభిప్రాయం అడిగితే, వెలిసిన రంగును అలాగే ఉంచండి. వేటలో నూనె గుడ్డతో తుడిస్తే చాలు.

వాల్‌నట్ వడ్రంగి
అసలు పనికి వద్దాం. పాత ఇనుము గారి పరీక్షలు నెగ్గాక, 16 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టండి. మధ్యలో ఒక చుక్క. గురి చూడకండి. చుక్కను చూస్తూ, పిట్ట లేచినప్పుడు ఎత్తినట్టే ఎత్తి కాల్చండి. అదే కాగితం మీద చాలా తూటాలు. అన్నిటి మధ్య ఎక్కడ పడిందో చూడండి. ఒక అంగుళం తేడాకు స్టాక్‌లో పదహారో వంతు అంగుళం మార్పు.

పొదలపిట్ట
కొలతలు వచ్చాయి. ఛాంబర్లు 70 మి.మీ., మోగింది, ఊగలేదు, గోడలు మందంగానే ఉన్నాయి. చోక్ మాత్రం చంద్రం గారు అనుమానించినట్టే: కుడి గొట్టం 0.026, ఎడమది 0.039. మాడిఫైడ్ అన్నది మాటవరసకే.

కాగితం మీద సగటున 5 అంగుళాలు కిందికి, 2 అంగుళాలు ఎడమకు పడ్డాయి. తల ఎత్తి కాల్చినవి విడిగా వేశాను, అవి చుక్కకు చాలా పైన పడ్డాయి.

వాల్‌నట్ వడ్రంగి
కాబట్టి చెంప దగ్గర 5/16 అంగుళం పైకి రావాలి, కుడి చేత్తో కాలుస్తారు కాబట్టి 2/16 కుడి వైపుకు కాస్ట్ (స్టాక్ పక్కకు వంపు) కావాలి. కన్ను రిబ్‌కు ఎడమన ఉంది, అందుకే గుళ్ళు ఎడమకు పోయాయి.

ఈ రెండూ ఒకే పనిలో అవుతాయి: స్టాక్ వంచడం. పిడి దగ్గర వేడి నూనె గుడ్డ కానీ ఇన్‌ఫ్రారెడ్ దీపం కానీ పెట్టి, కర్ర లోపలిదాకా వేడెక్కాక బిగింపులో పెట్టి మెల్లగా వంచుతారు. మీది బాక్స్‌లాక్, మరలు పైనుంచి కిందికి ఉంటాయి కాబట్టి వంగుతుంది. స్టాక్ నిలువునా పొడవాటి బోల్టుతో బిగించిన తుపాకులకు ఇది కష్టం. వంచాక కర్రలోకి దిగే ఇనుప తోకలను కూడా సర్దాలి, సేఫ్టీ ఆడుతుందో లేదో చూడాలి.

ఒక షరతు. స్టాక్ ముందు భాగం నూనెతో నల్లబడి ఉందా చూడండి. తరాల తరబడి మూతి పైకి నిలబెడితే యంత్రంలో నూనె కిందికి దిగి కర్రలో ఇంకుతుంది. అలా మెత్తబడిన కర్రను వంచితే చీలుతుంది. ముందు ఎసిటోన్, సుద్దపొడి కలిపిన ముద్దతో ఆ నూనె లాగించాలి. ఇక ముందు మూతి కిందికి పెట్టి నిలబెట్టండి.

సెట్టర్ సుబ్బయ్య
స్టాక్ వంపించే ముందు చెంప దగ్గర తోలు తొడుగు కట్టి, కింద 5/16 మందం దాకా పలచటి తోలు పొరలు పెట్టి ఒక సీజన్ తిరగమనండి. కొలత నిజమో కాదో అదే చెబుతుంది. కాస్ట్ తోలుతో రాదు కానీ డ్రాప్ సంగతి తేలుతుంది.

వాల్‌నట్ వడ్రంగి
అది నా పొట్ట కొట్టే సలహా. కానీ సరైనదే.

పొదలపిట్ట
తోలు కట్టాను. తల వంచితే రిబ్, పూస రెండూ కనపడుతున్నాయి, కొత్త కాగితం మీద గుళ్ళు చుక్క చుట్టూ పడుతున్నాయి, ఇంకా ఎడమకు కాస్త. ప్యాడ్‌కు టేపు చుట్టాను, చంకలో తట్టడం మానింది. సీజన్ అయ్యాక స్టాక్ వంపిస్తాను. చోక్ తెరిపించే పని మాత్రం ఆగను, కుడి గొట్టం ఈ వారమే ఇస్తున్నాను.

చోక్ చంద్రం
పనివాడికి 0.008 దగ్గర ఆపమని రాసివ్వండి. కాగితం మీద పరీక్షించాక ఇంకొంచెం తీయవచ్చు, తీసింది తిరిగి పెట్టలేరు. ఏ తూటా వాడతారో అదే తూటాతో, 20 గజాల దగ్గర పరీక్షించండి. 40 గజాల లెక్క ఈ అడవికి దండగ.

చేతితొడుగు
అంతా తేలింది, ట్రిగ్గర్ల మాట తేలలేదు. నేను ఒంటి ట్రిగ్గర్ వైపే.

రెండు మీటలు
మడతబందు ట్రిగ్గర్ పెట్టించాక పొదలపిట్ట గారినే అడుగుదాం.

పదహారు గేజ్
అందరూ పదహారు గేజ్ గురించి మరోసారి ఆలోచించండి.